ఇవ్వని ఏడాదికి చప్పట్లు

పెళ్లిరోజు పొద్దున ఇల్లు కదిలేటప్పుడు లుదివినా చేతిలో ఉన్నది లెక్క వేస్తే ఇంత: ఎండుచేపల వాసన పట్టిన ప్రసంగం కాగితాలు, భుజాల దగ్గర పట్టేసే గులాబిరంగు గౌను, నిద్ర చాలని కళ్లు, ఎవరికీ చూపించని ఒక రహస్యం. మొదటి మూడూ ఎలాగో మోసుకుపోవచ్చు. నాలుగోదే బరువు.

వెనకటి వారాలు చదివినవాళ్లకు ఆ రహస్యం తెలుసు. ఇవాళే ఈ కథలోకి అడుగుపెట్టినవాళ్ల కోసం నాలుగు మాటలు చెప్పుకుని ముందుకు పోదాం.

ఇలోయిలో పట్నంలో, నది పక్క బజారులో ఎండుచేపల కొట్టు లుదివినాది. సరుకు ఓడల్లో పనిచేసే నెస్తోర్ కోసం ఆమె ఏడేళ్లు ఎదురుచూసింది. పెళ్లి అనుకున్న ప్రతిసారీ ఏదో ఒకటి అడ్డం పడేది. ఒకసారి అతని ఓడ, ఒకసారి ఆమె తండ్రి జబ్బు, ఆ తర్వాత తండ్రి చావు. మొన్న జనవరిలో నెస్తోర్ మళ్లీ ఓడెక్కబోతుంటే ఇద్దరికీ విసుగొచ్చింది. అతను పుట్టిన చిన్న ఊరికి పోయి జడ్జి ముందు సంతకాలు పెట్టేశారు. చర్చిలో పెళ్లి వచ్చే ఏడు, అతను తిరిగొచ్చాక. అప్పటిదాకా ఈ సంతకం బయానా లాంటిదే, బేరం ఇంకా తెగనట్టే అని లుదివినా తనకు తాను నచ్చజెప్పుకుంది. ఇంట్లో చెప్పలేదు. చెబుదామనుకుంటూ ఉండగానే చెల్లెలు జెనలిన్ వచ్చి, జూన్‌లో నా పెళ్లి అంది.

తల్లి సొలెదాద్ వెంటనే పెద్దకూతురి వైపు తిరిగింది. ఒక కడుపున పుట్టిన ఇద్దరికి ఒకే ఏడు పెళ్లి కూడదని ఆ ఊళ్లో అందరికీ తెలుసు. ఇంటికి ఏడాదికి వచ్చే అదృష్టం ఒక్కటే. ఇద్దరు దాన్ని పట్టుకుని లాగితే ఒకరికి మొత్తం పోతుంది. ఎవరికి పోతుందన్నది ముందే తెలియదు.

“నీది వచ్చే ఏడాదికి జరుపుకుంటావా ఇందాయ్?” అని అడిగింది తల్లి. ముద్దు వచ్చినప్పుడే ఆమె పిల్లల్ని అలా పిలుస్తుంది.

లుదివినా తల ఊపింది. ఊపిన ఆ తలను ఇల్లంతా త్యాగం కింద జమ వేసుకుంది. పైగా ఆమెనే తోడుపెళ్లికూతుర్ని చేశారు. పెళ్లికాని పిల్ల నిలబడాల్సిన చోటు అది. విందులో లేచి నాలుగు మంచి మాటలు చెప్పి గ్లాసు ఎత్తడం కూడా ఆ చోటుతో వచ్చే పనే.

ఆ మాటలు రాయడం బజార్లోనే జరిగింది. ఇంట్లో పెళ్లిపనులు కూర్చోనివ్వవు. బేరానికీ బేరానికీ మధ్య, తక్కెడ పక్కన కాగితం పెట్టుకుని రాసేది. ఏది రాసినా కొట్టు మాటల్లాగే వచ్చేవి. పక్క కొట్టులో ఉప్పుగుడ్లూ ఎండురొయ్యలూ అమ్మే పూరింగ్ మెడ చాచింది.

“ఏదీ, చదువు వింటాను.”

“‘మా జెనలిన్ చిన్నప్పటినుంచీ మేలురకం పిల్ల...’”

“మేలురకమా! పెళ్లికూతుర్ని పొగుడుతున్నావా, తూకం వేస్తున్నావా?”

“నాకు వచ్చిన పొగడ్త అదే మనాంగ్. ఇన్నేళ్లూ చేపల్నే పొగిడాను.” పూరింగ్ వయసులో పెద్దది కాబట్టి ఆమెను అక్క వరసలో మనాంగ్ అంటుంది.

“అయితే విను. పెళ్లిలో మాట్లాడ్డం బ్రహ్మవిద్యేం కాదు. ముందు నవ్వించు. తర్వాత మీ నాన్నను తలుచుకో. ఎవరో ఒకరు ముక్కు చీదుతారు. చీదగానే గ్లాసు ఎత్తెయ్. ఇంకాస్త సాగదీశావో, జనం చూపు నీ మీంచి కాల్చిన పంది మీదికి పోతుంది.” పూరింగ్ ఆకాశం వైపు చూసింది. “ఇంతకీ వాన రాకుండా సాంతా క్లారాకి గుడ్లు ఇచ్చారా?”

“నిన్ననే మఠానికి పోయి ఇచ్చొచ్చాను. నువ్వు అన్నానికి వెళ్లావు. నీ బుట్టలోంచే తీసుకెళ్లా.”

పూరింగ్ తన బుట్టను చూసుకుంది. ఎర్రరంగు పూసిన గుడ్లు గుట్టగా ఉన్నాయి. “నా బుట్టలోంచా? నా దగ్గరున్నవన్నీ ఉప్పులో ఊరబెట్టి ఉడికించినవే కదే!”

“గుడ్డు గుడ్డేగా.”

“సన్యాసినులు ఏమన్నారు?”

“ఆశీర్వదించారు. ఒకావిడ అన్నంలోకి బావుంటాయి అంది.”

పూరింగ్ గుండెల మీద సిలువ గీసుకుంది. “వాన ఆపమని మొక్కుతూ ఉప్పుగుడ్లు పెడతావా! దాహమేసి ఆవిడే తెప్పించుకుంటుంది చూడు.”

లుదివినా నవ్వింది. నవ్వుతూనే కాగితం వైపు చూసింది. రెండో పేజీ మధ్యలో ‘మా చెల్లెలి కోసం నేను’ అని రాసి ఆగిన చోటు అలాగే ఉంది. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి కలం మొండికేసేది. చివరికి దాన్ని కొట్టేసి, తండ్రి గురించి ఒక ముక్క రాసి ముగించింది. ఆ వాక్యం లేకుండా గట్టెక్కితే చాలు అనుకుంది.

చర్చిలో అంతా సవ్యంగానే గడిచింది. పెళ్లికొడుకు ఆర్నెల్ ఉంగరం తొడిగేటప్పుడు చెయ్యి వణికితే ఆడవాళ్లు ముచ్చటపడ్డారు. లుదివినా చెల్లెలి గౌను చెంగు పట్టుకుని నడిచింది, పూలగుత్తి అందుకుంది, ముసుగు సర్దింది. ఫాదర్ వధువు పేరు పలికినప్పుడల్లా ఆమెకు జడ్జిగారి గదిలో తిరిగిన పాత ఫ్యాను చప్పుడు వినిపించింది.

విందు తోటలో, పెద్ద గుడారం కింద. దాని పక్కనే పెళ్లికూతురు ముస్తాబయ్యే గది. మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లు ఇద్దరే ఆ గదిలో మిగిలారు. లుదివినా ఎత్తుమడమల చెప్పులు విప్పి చల్లటి నేల మీద పాదాలు ఆన్చింది. పొద్దున్నుంచీ ఆమెకు దొరికిన సుఖం అదొక్కటే.

జెనలిన్ అద్దంలోంచే మాట్లాడింది. “మనాంగ్, ప్రసంగంలో ఒక్క ముక్క చేర్చాలి.”

“కాగితం నిండిపోయింది.”

“అంచున రాసుకో. నీ ఏడాదిని నాకిచ్చావని చెప్పాలి. అంతే.”

లుదివినా పాదాలు నేలమీదే ఉన్నాయి గాని ఆ చల్లదనం తెలియడం మానేసింది. “ఎవరడిగారు?”

“మా అత్తగారే. తితా మిలాగ్రోస్‌కి నువ్వంటే ఎంత గౌరవమో తెలుసా! అలాంటి అక్క ఉన్న ఇంటి పిల్లని తెచ్చుకుంటున్నానని బేకరీలో అందరితోనూ చెప్పుకుంది. నీ నోటితో వింటే వాళ్ల చుట్టాలందరూ కరిగిపోతారు. నాకు ఆ ఇంట్లో కాస్త విలువ వస్తుంది మనాంగ్. చేపల కొట్టు వాళ్ల పిల్ల అనుకునే నోళ్లు మూతపడతాయి.”

“ఇంకేదైనా చెప్తాను. అది వద్దు.”

“సిగ్గా?”

“సిగ్గు కాదే. ఇవ్వనిది ఇచ్చానని ఎలా చెప్పను?”

జెనలిన్ ఇటు తిరిగింది. ఒక కంటికే దొంగరెప్పలు అతికించి ఉన్నాయి. “ఇవ్వకపోవడమేంటి? నా కోసమే కదా వచ్చే ఏడాదికి జరుపుకున్నావ్?”

అబద్ధమాడే ఓపిక ఉంటే లుదివినా అప్పుడే ఆడేసేది. ఓపిక అయిపోయింది. “జరుపుకోవడానికి ఏం మిగల్లేదు. నెస్తోర్ ఓడెక్కే ముందు వాళ్ల ఊళ్లో సంతకాలు పెట్టేశాం. జనవరిలో.”

“ఈ జనవరా?”

“ఈ జనవరే.”

గౌను నలుగుతుందన్న ధ్యాస కూడా లేకుండా జెనలిన్ మంచం మీద కూలబడింది. “పొద్దున చర్చిలో నా చెంగు పట్టుకుని నడిచింది పెళ్లైన మనిషా?”

“చెంగు బాగానే పట్టుకున్నానుగా.”

“నవ్వులాటా నీకు? ఇవాళా చెప్పేది? వేలికి ఉంగరం పడ్డాకా?”

“నువ్వు అడక్కపోతే ఇవాళ కూడా చెప్పేదాన్ని కాదు. పొద్దున్నుంచీ అడగొద్దు అడగొద్దు అనే మొక్కుకుంటున్నా.”

జెనలిన్ కాసేపు గోళ్లు చూసుకుంది. బయట ఎవరో మైకు సరిచూస్తున్నారు. “సరే, అయిందేదో అయింది. నాకు తెలియనట్టే ఉంటా. నువ్వు ఆ ఒక్క మాటా చెప్పెయ్. అబద్ధమే. దానివల్ల ఎవరికి నష్టం?”

“నాకు.”

“నీకేం నష్టం? పేరొస్తుంది.”

“ఆ పేరే వద్దంటున్నా. పండగొస్తే ‘ఏడాదినిచ్చిన అక్క’. నీకు బిడ్డ పుడితే ‘వీళ్ల పెద్దమ్మ ఏం చేసిందో తెలుసా’. నేను ముసలిదాన్నయ్యేదాకా ఆ మాట వినాలి. విన్న ప్రతిసారీ తల ఊపాలి. ఒక్కసారి ఊపితేనే ఇంతదూరం వచ్చింది. నాకు మెడ నొప్పిగా ఉందే ఇందాయ్. నిజంగా అలిసిపోయాను.”

జెనలిన్‌కు కోపం పోయి భయం వచ్చింది. గొంతు చిన్నదైపోయింది, చిన్నప్పుడు దీపం ఆర్పాక మాట్లాడేదే, అలాగ. “అయితే మనిద్దరిలో ఎవరికి పోతుంది?”

“ఏమో.”

“బావ సముద్రం మీద ఉన్నాడు.”

“నేను మర్చిపోయాననుకున్నావా?”

అప్పుడే గుడారం గుడ్డ మీద మొదటి చినుకులు పడిన చప్పుడు వినిపించింది. తలుపు కొట్టి విందు నడిపించే రికీ తల లోపలికి పెట్టాడు. “పెళ్లికూతురా, జనం ఆకలితో ఉన్నారు. త్వరగా రండి, లేకపోతే పందిని ఎత్తుకుపోతారు!”

జెనలిన్ రెండో కంటికి రెప్పలు అతికించుకుని లేచింది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే అంది: “నీ నోటికి ఏదొస్తే అదే చెప్పు మనాంగ్. కాకపోతే అమ్మ ముఖం చూస్తూ చెప్పు. చూస్తూ చెప్పగలిగితే నేనేం అనను.”

గుడారం కింద బల్లలు కిక్కిరిసి ఉన్నాయి. వాన సన్నగా మొదలై నిలకడగా కురుస్తోంది. అంచుల్లో కూర్చున్నవాళ్లు కుర్చీలు లోపలికి లాక్కుంటున్నారు. గ్లాసుల మీద చెంచాలు మోగాయి, కొత్తజంట ముద్దుపెట్టుకుంది, జనం ఈలలు వేశారు. తర్వాత రికీ మైకులో ఊరంతా వినేలా పిలిచాడు. “ఇప్పుడు మన మెయిడ్ ఆఫ్ ఆనర్! బజారు మహారాణి! ఈవిడతో బేరమాడి గెలిచినవాళ్లెవరైనా ఉంటే చెయ్యెత్తండి!”

ఎవరూ ఎత్తలేదు. నవ్వులు.

లుదివినా కాగితాలు విప్పింది. వాసన ఆమెకే తగిలింది. ఆ వాసనతో కాస్త ధైర్యం వచ్చింది, కొట్లో నిలబడ్డట్టే అనిపించింది.

“మా జెనలిన్ చిన్నప్పుడు సెలవుల్లో నాతో కొట్లో కూర్చునేది. ఎవరడిగినా కొసరు వేసేది. ఏడ్చే పిల్లాడి తల్లికి కొసరు, ముసలాయనకి కొసరు, పిల్లికి కూడా కొసరు. ఆ రోజుల్లో మా కొట్టుకి వచ్చినంత జనం మళ్లీ రాలేదు. వచ్చినంత నష్టం కూడా మళ్లీ రాలేదు.” నవ్వులు పెద్దవయ్యాయి. “ఆర్నెల్, నీకు చెప్పేదొకటే. నీకు ఈ పిల్ల దగ్గర తూకానికి మించి దొరుకుతుంది. కాకపోతే ఒక్కటి గుర్తుపెట్టుకో. మా కొట్టు మీద రాసే ఉంటుంది, అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు!”

గుడారం గొల్లుమంది. వరుడి తల్లి మిలాగ్రోస్ మాత్రం నవ్వలేదు. ముత్యాల దండ వేళ్లతో తిప్పుతూ లుదివినానే చూస్తోంది. ఆర్నెల్ నవ్వి, వెంటనే నీళ్లు తాగాడు.

తండ్రి ముక్క దగ్గరికి వచ్చింది. ఎండలో చేపలు తిరగేస్తూ పాటలు పాడేవాడని, ఇవాళ ఉంటే అందరికంటే ముందు ఆయనే నాట్యం చేసేవాడని చదివింది. పూరింగ్ చెప్పినట్టే ఒక మూల ఎవరో ముక్కు చీదారు. ఇదే సమయం. లుదివినా గ్లాసు అందుకుంది.

“ఏడాది సంగతి చెప్పమ్మా!”

మిలాగ్రోస్ గొంతు. మైకు అక్కర్లేని గొంతు అది.

“ఆహా, మర్చిపోబోయాం!” రికీ అందుకున్నాడు. “ఏడాది కథ! ఏడాది కథ!” ఒక బల్ల మీద చెంచా మోగింది, రెండో బల్ల మీద మోగింది. ఆ ఊరి పెళ్లిళ్లలో చెంచాలు మోగితే అడిగింది ఇచ్చేదాకా ఆగవు.

లుదివినా కాగితాల వైపు చూసింది. వాటిల్లో ఆ సంగతేమీ లేదు. చెల్లెలు చేతిరుమాలు మెలిపెడుతోంది. ముందు బల్ల దగ్గర తల్లి, జుట్టు నున్నగా దువ్వి, మంచి బట్టల్లో, గర్వంగా ముఖం పైకెత్తి కూర్చుంది. ఆ ముఖం చూస్తూనే చెప్పాలి.

“ఆ సంగతి మీరంతా అనుకున్నట్టు కాదు,” అంది లుదివినా. “నేను మా చెల్లెలికి ఏడాదేమీ ఇవ్వలేదు.”

చెంచాలు ఆగాయి. వాన చప్పుడు మిగిలింది.

“చిన్నప్పుడు మాకు ఒకే గొడుగు ఉండేది. ఒక గొడుగు కింద ఇద్దరు పడితే ఇద్దరూ తడుస్తారు, ఒకరి తర్వాత ఒకరు రండి అనేది మా అమ్మ. మేం వినలేదు. కలిసే వచ్చేవాళ్లం. నాకు ఎడమ భుజం తడిసేది, దానికి కుడి భుజం. ఇంటికి రాగానే ఇద్దరికీ తిట్లు. కాని ఒకరు పొడిగా ఇంట్లో ఉండి ఇంకొకరు బడి అరుగు మీద వాన తగ్గేదాకా కూర్చున్న రోజు ఒక్కటీ లేదు.” ఆమె కళ్లు తల్లి మీంచి తియ్యలేదు. “ఈ ఏడాదీ అంతే. నేనిచ్చిందీ లేదు, అది పుచ్చుకుందీ లేదు. ఇద్దరం దాని కిందే నడుస్తున్నాం. నా భుజం తడిస్తే తడవనీ. దానిదీ తడిస్తే తడవనీ. తిట్లు ఎలాగూ ఇద్దరికీ పడతాయి. జెనలిన్, ఆర్నెల్, మీ ఇద్దరి కోసం!”

గ్లాసు ఎత్తింది. ఆ తర్వాత చప్పట్లు వానను మింగేశాయి. ఎంత అణకువో చూడండి, ఇచ్చి కూడా ఇవ్వలేదంటోంది అని పక్క బల్లలో ఒకావిడ కళ్లు తుడుచుకుంది. వద్దన్న పేరే వచ్చి మీద పడింది. జెనలిన్ కాటుక చెంపల మీదికి జారింది. సొలెదాద్ మాత్రం చప్పట్లు కొట్టలేదు. చెంచా పళ్లెం పక్కన పెట్టి, అది వంకరగా ఉన్నట్టు సరిచేసింది.

వడ్డన మొదలయ్యాక ఆవిడ లేచి కూతురి దగ్గరికి వచ్చింది. పక్క కుర్చీలో కూర్చుంది. ముఖం చూడలేదు.

“ఏ నెల?”

“జనవరి.”

“నెస్తోరేనా?”

“నాయ్! ఇంకెవరు?” అమ్మను ఆమె పిలిచేది అలాగే.

“అడగాలి కదా. ఏడేళ్లలో జనం ఇళ్లే మారిపోతారు.” తల్లి వాన వైపు చూసింది. “చుట్టాలు చప్పట్లు కొట్టారు. వాళ్లు మిమ్మల్ని కన్నారా? గొడుగు అనగానే నాకు సంగతి అర్థమైపోయింది. ఇంతకీ గుడ్లు ఇచ్చావా?”

“ఇచ్చాను.”

“ఎలాంటివి?”

లుదివినా పళ్లెం దగ్గరికి లాక్కుంది.

“ఎలాంటివే?”

“పూరింగ్ దగ్గరివి.”

సొలెదాద్ కళ్లు మూసుకుంది. “పెళ్లి దొంగచాటుగా, దేవతకి గుడ్లు ఉప్పువి. నిన్ను చేసుకున్నవాడు సముద్రం మీద ఎలా నిలబడ్డాడో నాకు అర్థం కావడం లేదు.” కళ్లు తెరిచింది. అవి తడిగా ఉన్నాయి గాని గొంతు పొడిగానే ఉంది. “చిన్నదాని మొగుడు కళ్లముందున్నాడు. నీ మొగుడే నీళ్ల మీద ఉన్నాడు. తడిస్తే నీ భుజమే ఎక్కువ తడుస్తుంది. రేపటి నుంచి వాడి పేరున జపమాల చెప్తాను, దిగేదాకా.”

“కోపం లేదా నాయ్?”

“కోపానికి ఇవాళ తీరిక లేదు. రేపు తిడతాను. ముందు తిను, పొద్దున్నుంచీ ఏం తిన్నావ్?”

తన పళ్లెంలోంచి మాంసం ముక్కలు ఆమె పళ్లెంలోకి తోసి, తల్లి లేచి వెళ్లింది. లుదివినా తినడం మొదలుపెట్టింది. తింటుంటేనే ఆకలి తెలిసింది. ఆరు నెలలుగా అమ్ముడుపోక, పారెయ్యలేక దాచిన సరుకు ఇవాళ కొట్లోంచి వెళ్లిపోయినట్టుంది. ఇంటికి పోయి పడుకుంటే చాలు. ఇక ఈ రోజు తనను ఎవరూ ఏమీ అడగరు అనుకుంది.

మిలాగ్రోస్ వచ్చి తల్లి ఖాళీచేసిన కుర్చీలో కూర్చుంది. బిస్కెట్ల బేకరీ ఒంటిచేత్తో నిలబెట్టిన మనిషి. ఎక్కడ కూర్చున్నా గల్లాపెట్టె ముందు కూర్చున్నట్టే ఉంటుంది. ఇవాళ మాత్రం అంచున కూర్చుంది.

“మాటలు బావున్నాయి ఇందాయ్.”

“ఏదో, తితా. నోటికొచ్చింది అనేశాను.” పిన్ని వరస పెద్దావిడను అక్కడ తితా అంటారు.

“నాకు ఫిబ్రవరి నుంచీ తెలుసు,” అంది మిలాగ్రోస్. “మీరు సంతకాలు పెట్టిన ఊళ్లోనే మా అక్క కూతురు కాపురం. పెళ్లి చేసుకునేవాళ్ల పేర్లు పది రోజులు నోటీసు బోర్డుకి అంటిస్తారు కదా. అది చదివింది. ఇక్కడి పెళ్లి కబురు విన్నాక, ఈ పేరు మన ఆర్నెల్ చేసుకోబోయే పిల్ల అక్కదేనా అని ఫోన్ చేసింది.”

లుదివినా చెంచా కింద పెట్టింది. “తెలిసి కూడా అందరి ముందూ ఎందుకడిగారు?”

“అబద్ధం చెప్తావేమోనని.”

“చెప్తే పట్టుకుందామనా?”

“కాదు.” మిలాగ్రోస్ ముత్యాల దండ వదిలేసింది. “నువ్వు చెప్పాలని కోరుకున్నాను. నువ్వు హాయిగా అబద్ధమాడి, చప్పట్లు పుచ్చుకుని కూర్చుని ఉంటే, అన్ని ఇళ్లలోనూ ఇంతే అనుకుని నేనూ ఇంటికెళ్లి నిద్రపోయేదాన్ని. నువ్వు ఆడలేదు. అందుకే నీ దగ్గరికి రావాల్సి వచ్చింది. ఒక్కటి అడుగుతాను. మనిద్దరం వ్యాపారం చేసేవాళ్లం, డొంకతిరుగుడు వద్దు. చర్చి లేదు, విందు లేదు, ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉత్త జడ్జి ముందు పెట్టిన సంతకం. అది పెళ్లి కింద లెక్కేనా?”

లుదివినాకు తన బయానా మాట గుర్తొచ్చింది. ఆరు నెలలు దాన్ని ఎన్ని రకాలుగా తిప్పి చూసుకుందో. కాదు కాదు అనుకుంటూనే ప్రతి తుఫాను వార్తకూ లేచి కూర్చుంది. పరాయి మనిషి కోసం ఎవరూ అలా లేచి కూర్చోరు.

“లెక్కే తితా,” అంది. “ఎన్నిసార్లు కాదనుకున్నా, లెక్కే.”

మిలాగ్రోస్ ముఖంలో రంగు దిగిపోయింది. కొనేసిన సరుకుకి ధర పడిపోయిందన్న కబురు విన్న మనిషి ముఖం అలా ఉంటుంది. లుదివినా ఆ ముఖాన్ని బజార్లో చాలాసార్లు చూసింది.

“నువ్వు కాదంటావనుకున్నాను,” అంది ఆవిడ చాలా నెమ్మదిగా.

“ఎందుకు తితా? నా సంగతితో మీకేం?”

“నీ సంగతి కాదు.” ఆవిడ వేదిక వైపు చూసింది. అక్కడ మళ్లీ చెంచాలు మోగుతున్నాయి, ఆర్నెల్ నవ్వుతూ జెనలిన్ చెంప మీది కాటుక తుడుస్తున్నాడు. “బుధవారం ఒకమ్మాయి బేకరీకి వచ్చింది. ఆర్నెల్ మనీలాలో పనిచేసిన రోజుల్లోది. చేతిలో జడ్జి ఇచ్చిన పెళ్లి కాగితం. దానిమీద మావాడి సంతకం. ఆ కాగితం పై ఆఫీసుకి చేరకుండా ఎక్కడో ఆగిపోయిందట, అందుకే చర్చి వాళ్లకి దొరకలేదు. దొరకలేదు కాబట్టి లెక్కలోకి రాదు అంటాడు మావాడు. రాదు అనే మనిషి కోసం నాలుగు రోజులుగా వెతుకుతున్నాను.”

లుదివినా ఇక ఏమంటుంది? జవాబు ఇందాకే ఇచ్చేసింది.

“జెనలిన్‌కి తెలుసా?” అంది చివరికి.

“నీకు తప్ప ఎవరికీ తెలియదు.”

పాట మొదలైంది. వేదిక మీంచి జెనలిన్ రెండు చేతులూ ఊపింది. “మనాంగ్! కూర్చున్నది చాల్లే, రా! నాన్న పాట!”

లుదివినా బల్ల కింద చెప్పులు వెతుక్కుంది. గుడారం అంచున ఉండడంతో వాటిలోకి నీళ్లు చేరాయి. తడివే తొడుక్కుని లేచింది. నడుస్తూ నడుస్తూ లెక్క వేసుకుంది. అలవాటైన మనసు, వద్దన్నా వేస్తుంది. తెచ్చిన ప్రసంగం చెల్లిపోయింది. వద్దన్న పేరు ఉట్టినే వచ్చింది. తల్లి జపమాల లాభం. మిలాగ్రోస్ నమ్మకం కూడా, పొద్దున ఎవరైనా చెప్పి ఉంటే, లాభమే అనుకునేది. ఇద్దరిలో ఎవరికి పోతుందని చెల్లెలు అడిగిన ప్రశ్నకు జవాబు కూడా దొరికింది. పొద్దున వచ్చేటప్పుడు చేతిలో ఒక రహస్యం ఉంది. ఇప్పుడూ ఒకటే ఉంది. పొద్దున్నది తడిపితే తన భుజాన్నే తడిపేది. ఇది తడిపే భుజం తనది కాదు.